మెరుపంతా తుడుపులోనే!

కొత్త కారు నిగనిగను అందరికంటే ముందు తినేసేది ఎండ కాదు, వాన కాదు. రోజూ ప్రేమగా దాన్ని తుడిచే గుడ్డే. ఏ పనికి ఏ తువాలు వాడాలి, కొనేటప్పుడు ఏం చూడాలి, ఎలా ఉతకాలి... ఈ వారం ముఖచిత్ర కథనం.

రెండు మూడేళ్లు వాడిన నల్ల కారును మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, బోనెట్ మీదికి వంగి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వందలాది సన్నని గీతలు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. నీడలోకి తెస్తే మాయమవుతాయి. తెల్ల కారు మీద తొందరగా కంటికి ఆనవు కానీ, అక్కడా ఉంటాయి. డిటైలింగ్ పనివాళ్లు వీటిని ‘స్విర్ల్ మార్క్స్’ అంటారు. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వాటిలో వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి వెలుగు చుట్టూ వలయం కట్టినట్టు తోస్తుంది.

ఇవి కొమ్మ రాసుకుని పడ్డవి కావు, ఎవరో గిట్టనివాళ్లు గీసినవీ కావు. చాలామటుకు కారును కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడ్డవే.

కారు కొన్న రోజున నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, బొట్లు పెట్టి ఇంటికి తెచ్చుకుంటాం. సీటు కవర్లు, మ్యాట్లు, సెంటు బుడ్డీ ఏరి ఏరి కొంటాం. తుడిచే గుడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత లుంగీ, చిరిగిన బనియన్, లేదంటే సిగ్నల్ దగ్గర అమ్మే పసుపు గుడ్డ! కారు ఒంటికి రోజూ తగిలేది ఆ గుడ్డే. దాని ఎంపికలో ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: మంచి తువాలు చేయాల్సిన పని రుద్దడం కాదు, మురికినీ నీటినీ పైకి ఎత్తుకోవడం. మిగతావన్నీ ఈ మాటలోంచి పుట్టుకొచ్చేవే.

వెంట్రుక కన్నా పల్చని పొర

ఇప్పటి కార్లకు ఉండేది ఒక్క రంగు పొర కాదు. రేకుకు తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. మనం చూసి మురిసిపోయే మెరుపు ఆ చివరి పొరదే. దాని మందం మామూలుగా 40–50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే, లక్షలు పోసి కొన్న మెరుపు వెంట్రుక మందం కూడా లేని పొరలో ఉందన్నమాట.

ఇక దుమ్ము సంగతి. తెలంగాణలో చాలా భాగం గ్రానైట్ నేల. ఆ రాయి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పగిలి నలిగితే అందులోంచి క్వార్ట్జ్ రేణువులు బయటపడతాయి. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7. స్టీలు చాకుదీ, కిటికీ అద్దానిదీ ఐదున్నర దగ్గర. అద్దాన్నే గీయగల రేణువుకు అంతకన్నా ఎంతో మెత్తనైన క్లియర్ కోట్ ఓ లెక్కా? కోస్తాలోనైతే ఇసుకకు తోడు ఉప్పు గాలి. వైజాగ్ బీచ్ రోడ్డులో రెండు రోజులు నిలిపిన కారు బోనెట్‌ను వేలితో తాకితే ఆ పొర జిగటగా తెలుస్తుంది.

దుమ్ము తనంతట తాను గీయలేదు. దాని మీద గుడ్డ వేసి నొక్కి లాగినప్పుడే గీస్తుంది. అలా పడ్డ గీతలను పోగొట్టడానికి మెషీన్ పాలిష్ చేయిస్తాం. మంచి పనివాడి చేతిలో అది అద్భుతంగా పనిచేస్తుంది. కానీ పాలిష్ గీతను పూడ్చదు. గీత లోతు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది. పాలిష్ చేసిన ప్రతిసారీ ఆ పొర కొంత తరుగుతుంది. తరిగింది తిరిగి రాదు. అందుకే గీత పడ్డాక పోగొట్టే కంటే పడకుండా చూసుకోవడమే తెలివి. ఆ పని తువాలుది.

పోగు చీలితేనే ప్రయోజనం

ఇవాళ కార్ల పనిలో ముందు వరసలో ఉన్నది మైక్రోఫైబర్. దారాల సన్నదనాన్ని ‘డెనియర్’లో కొలుస్తారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టుపురుగు తీసే ఒంటి పోగు సుమారు ఒక డెనియర్ ఉంటుంది. అంతకన్నా సన్నగా ఉంటేనే మైక్రోఫైబర్. ఇంత సన్నని పోగును తయారుచేయడంలో పెద్ద మలుపు 1970లో జపాన్‌లో వచ్చింది. టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషీ ఒకామోటో తీసిన అతిసన్నని పోగుతో ముందుగా కృత్రిమ స్వెడ్ బట్ట తయారైంది. తుడిచే గుడ్డల్లోకి ఈ పోగు ఆ తర్వాతే వచ్చింది.

కారు తువాలులో పోగు తీరే వేరు. పాలిస్టర్‌నూ, నైలాన్ జాతికి చెందిన పాలీఅమైడ్‌నూ కలిపి ఒకే పోగుగా తీస్తారు. అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే బత్తాయి తొనల్లా కనిపిస్తుంది. తర్వాత ఆ తొనలను విడదీస్తారు. అప్పుడు ఒక్క పోగు అనేక పోగులవుతుంది. గుండ్రటి దారానికి లేని అంచులు, సందులు వాటికి ఏర్పడతాయి. దుమ్ము ఆ సందుల్లో ఇరుక్కుంటుంది. నీరు కేశనాళికల సూత్రంతో వాటిలోకి ఎగబాకుతుంది. చీల్చకుండా వదిలేసిన చౌక రకం కూడా ‘మైక్రోఫైబర్’ పేరుతోనే అమ్ముడవుతుంది. అది నీటిని తీసుకోదు, ముందుకు నెడుతుంది.

నూలుకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. నూలు పోగు నీటిని తన ఒంట్లోకే తాగుతుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడు కూడా తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పట్టేది అర శాతం కూడా ఉండదు. మైక్రోఫైబర్ నీటిని తాగదు, పోగుల సందుల్లో నిలుపుకుంటుంది. అందుకే గట్టిగా పిండితే దాదాపు అంతా వదిలేసి మళ్లీ పనికి సిద్ధమవుతుంది. తడిసిన నూలు గుడ్డను ఎంత పిండినా తడిగానే ఉండి, అద్దం మీద చారలు వదులుతుంది.

లుంగీ, షామీ, పసుపు గుడ్డ

పాత గుడ్డలు చెడ్డవని కాదు. వాటి చోటు వేరు. ఎన్నో ఉతుకులు తిన్న లుంగీ చేతికి మెత్తగానే తగులుతుంది. కానీ దానికి నూగు లేదు. కారుకూ గుడ్డకూ మధ్య చిక్కిన ఇసుక రేణువుకు లోపలికి దూరే దారి లేక, రంగు మీదే దొర్లుకుంటూ పోతుంది. బనియన్‌కు కుట్లున్నాయి. మెకానిక్ షెడ్డుల్లో వాడే బనియన్ వేస్ట్ నూనె చేతులు తుడుచుకోవడానికి భేషైనది, బోనెట్‌కు మాత్రం కాదు. పసుపు గుడ్డ డ్యాష్‌బోర్డు దుమ్ముకు పనికొస్తుంది. దాన్నే బయటా లోపలా తిప్పి తిప్పి వాడటంతోనే చేటు.

షామీది పాత కాలపు గౌరవం. ఒకప్పుడు ఆల్ప్స్ కొండల్లో తిరిగే కొండమేక జాతి జంతువు తోలుతో చేసేవాళ్లు. తర్వాత గొర్రె తోలును చేప నూనెతో పదును చేసి వాడుతున్నారు. ప్లాస్టిక్ డబ్బాలో చుట్టి అమ్మే పసుపు, నీలం రంగు షామీ సింథటిక్ రకం. ఎండితే అట్టలా బిగుసుకుపోతుంది, తడిపితే మెత్తబడుతుంది. నీటిని లాగడంలో రెండూ గట్టివే. చిక్కల్లా వాటి ఉపరితలం చదునుగా ఉండటమే. ఒక్క రేణువు కిందకు చేరితే కారు ఈ చివర నుంచి ఆ చివరి దాకా దాన్ని ఈడ్చుకుంటూ పోతాయి. అద్దాలకు వాడుకోండి, రంగు మీదికి రానివ్వకండి.

మన ఇంటి టర్కీ తువాలు మాటేమిటి? ఆ నేతకు మన దేశంలో పేరుగాంచిన ఊరు షోలాపూర్. అక్కడి టెర్రీ తువాలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. తెలంగాణ నుంచి తరతరాల కింద వలస వెళ్లిన పద్మశాలీల చేతులే ఆ పరిశ్రమను నిలబెట్టాయి. ఒంటి తడికి దాన్ని మించినది లేదు. కానీ బోరు నీళ్లలో ఉతికిన నూలు లూపులు ఎండాక బిరుసెక్కుతాయి, దానికి తోడు పీచు వదులుతాయి. అందుకని వాడి పక్కనపెట్టిన టర్కీ తువాలును డోరు అంచులకు, డిక్కీ గుమ్మానికి, పెడళ్ల దగ్గర తడికి వాడుకుంటే దాని మేలు దానికి ఉంది.

మచ్చకు వ్యవధి ఇవ్వొద్దు

కారు కడిగాక గాలికి ఆరిపోతుందిలే అని వదిలేస్తే వచ్చేది తెల్ల మచ్చ. మనం ఉప్పునీళ్లు అనే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600. నీరు ఆవిరైపోతుంది కానీ లవణం బోనెట్ మీదే మిగులుతుంది. మే నెల ఎండకు కాగిన రేకు మీద ఇది నిమిషాల్లో జరిగిపోతుంది. వెంటనే తుడిస్తే పోయే మచ్చ నాలుగు రోజులు అలాగే ఉంటే పొరను పట్టుకుంటుంది. ఆ తర్వాత చాలాసార్లు పాలిష్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

కాబట్టి కడిగే వేళ పొద్దున్నే లేదా సాయంత్రం, రేకు చల్లబడ్డాకే. చివరిసారి నీళ్లు పోసేటప్పుడు ప్రెషర్ గన్ పక్కనపెట్టి, పైపు మూతి తెరిచి కప్పు మీద నుంచి మెల్లగా వదలండి. నీరు చుక్కలుగా చిట్లకుండా తెరలా జారుతూ, తనతో పాటు చాలా తడిని కిందికి తీసుకుపోతుంది. మిగిలినదే తువాలు వంతు.

ఆరబెట్టే తువాలును ముందు కొద్దిగా తడిపి పిండండి. పూర్తిగా పొడి తువాలు కంటే కాస్త చెమ్మ ఉన్నది నీటిని తొందరగా అందుకుంటుంది. దాన్ని కప్పు మీద దుప్పటిలా పరిచి, రెండు కొసలు పట్టుకుని మీ వైపు మెల్లగా లాగండి. చేత్తో నొక్కొద్దు, సున్నాలు చుట్టొద్దు. నిలువు పక్కల మీద అద్దినట్టు ఆనించి తీయండి. కప్పు, అద్దాలు, బోనెట్, డిక్కీ, పక్కలు... ఇలా పై నుంచి కిందికి రావాలి. బురద ఎక్కువుండే కింది అంచుకు అదే తువాలు తగలనివ్వకుండా వేరేది తీసుకోండి. పక్క అద్దాల కింద, నంబరు ప్లేటు వెనక దాక్కున్న నీరు తర్వాత కారి చారలు కడుతుంది. చిన్న బ్లోయర్ ఉంటే ఆ సందుల్లోకి గాలి కొట్టండి. రంగును అసలు తాకకుండా ఆరబెట్టే దారి అదే.

ఏ పనికి ఏది?

తువాలు మందాన్ని జీఎస్‌ఎంలో చెబుతారు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే ఆ లెక్క. అది పెద్దదైతే తువాలు మంచిదని కాదు. పనికి తగినదైతేనే మంచిది.

ఆరబెట్టడానికి: మెలితిప్పిన లూపులతో నేసిన పెద్ద తువాలు, 800 నుంచి 1,200 జీఎస్‌ఎం దాకా. 50×80 సెంటీమీటర్లు ఉంటే మామూలు కారు మొత్తానికి సరిపోతుంది. గళ్లగళ్లుగా ఉండే వాఫుల్ నేత తేలిక, తొందరగా ఆరుతుంది. అయితే దాని నూగు తక్కువ కాబట్టి బాగా కడిగిన కారు మీదే వాడాలి.

వ్యాక్స్, పాలిష్ తుడవడానికి: 300–400 జీఎస్‌ఎం, ఒక వైపు పొట్టి నూగు, ఇంకో వైపు కాస్త పొడవు నూగు. పొట్టి నూగుతో ఎక్కువ భాగం తీసేసి, పొడవు నూగుతో మెరుగు పెట్టాలి. అంచు కుట్టులేని రకమైతే మరీ మంచిది. సెరామిక్ కోటింగ్ తుడిచిన తువాలును మాత్రం మళ్లీ రంగు మీద వాడకండి. కోటింగ్ పోగుల్లోనే గట్టిపడి, తువాలే గీతలు పెట్టే వస్తువవుతుంది.

అద్దాలకు: నూగు లేని గ్లాస్ క్లాత్ లేదా వాఫుల్ నేత, ఎప్పుడూ రెండు. ఒకటి తడిగా, రెండోది పొడిగా. వ్యాక్స్ తగిలిన గుడ్డ అద్దం మీద పడితే రాత్రి ఎదురు లైట్లకు మసక కమ్ముతుంది. అది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి.

కారు లోపల: 250–300 జీఎస్‌ఎం చాలు. స్క్రీన్ చుట్టూ, గేర్ దగ్గర ఉండే నల్లటి నిగనిగల ప్లాస్టిక్ చాలా సున్నితం. దానికి మెత్తనిది విడిగా ఉంచుకోండి.

రిమ్ములు, టైర్లు, ఇంజిన్: కొత్తవి వద్దు. రంగు మీద కాలం తీరిన తువాళ్లు ఇక్కడికి దిగాలి. బ్రేకుల నుంచి రాలే నల్ల పొడిలో లోహపు రజను ఉంటుంది. ఒకసారి రిమ్ము తుడిచిన గుడ్డకు బోనెట్ మీద చోటు లేదు.

పక్షి రెట్ట పడితే రుద్దకుండా, చిన్న తువాలును నీటిలో ముంచి దాని మీద పరిచి కొన్ని నిమిషాలు వదిలేయండి. నానాక అదే తువాలుతో ఎత్తేయండి. వేప చెట్టు కింద కారు పెట్టుకునేవాళ్లకు ఇది రోజూ పనికొచ్చే కిటుకు.

కొనేముందు తూకం వేయండి

సంచి మీద పెద్ద అక్షరాలతో వేసిన జీఎస్‌ఎం అంకెను నమ్మాల్సిన పని లేదు. వంటింటి తక్కెడ తీయండి. 40×40 సెంటీమీటర్ల తువాలు వైశాల్యం 0.16 చదరపు మీటరు. అది 400 జీఎస్‌ఎం అయితే 64 గ్రాములు తూగాలి. 40 గ్రాములే తూగితే అది 250 జీఎస్‌ఎం. అలాగే 50×80 సైజు ఆరబెట్టే తువాలు 1,200 జీఎస్‌ఎం అంటున్నారంటే 480 గ్రాముల బరువు ఉండాలి.

తర్వాత చీటీ చూడండి. 80/20 అంటే 80 పాళ్లు పాలిస్టర్, 20 పాళ్లు పాలీఅమైడ్. 70/30లో పాలీఅమైడ్ పాలు ఎక్కువ. శాతాలు రాయనిదాన్ని పక్కనపెట్టండి. పొడి అరచేతి మీద జరిపి చూస్తే, చీలిన పోగు చర్మాన్ని సన్నగా పట్టి లాగినట్టుంటుంది. పళ్లెంలో చెంచాడు నీళ్లు పోసి తువాలు ఆనించండి. మంచిది వెంటనే పీల్చుకుంటుంది, నాసిరకం నీళ్లను తోసుకుంటూ పోతుంది. అంచుకు గట్టి దారపు కుట్టు, గరుకు చీటీ ఉంటే కత్తిరించి తీసేయండి. కొత్త తువాలును ఒకసారి ఉతికాకే కారు మీద పెట్టండి. వదులు పీచు, ఎక్కువైన రంగు ఆ ఉతుకులో పోతాయి.

ఒక్క ఖరీదైన తువాలు కన్నా ఓ మాదిరి ధరలో ఎనిమిది మంచి తువాళ్లు మేలు. పనికో రంగు పెట్టుకోండి: రంగు మీదికి నీలం, అద్దాలకు ఆకుపచ్చ, లోపలికి పసుపు, చక్రాలకు బూడిద రంగు. ఇంట్లో ఎవరు తుడిచినా తేడా రాదు.

ఉతకడంలోనే ఆయుష్షు

ఎంత గొప్ప తువాలైనా మురికిగా ఉంటే గీతలు పెట్టేదే. నేల మీద పడితే దులిపి వాడొద్దు, ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. నాలుగు మడతలు పెడితే ఒక్క తువాలుకు ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం మాసిపోగానే మరో ముఖానికి మారండి.

ఇంట్లో నూలు బట్టలతో కలిపి ఉతకొద్దు. వాటి పీచంతా మైక్రోఫైబర్ పట్టేస్తుంది. చక్రాల తువాళ్లను మిగతావాటితో కలపొద్దు. సబ్బు పొడి కన్నా ద్రవరూపంలో ఉన్న డిటర్జెంట్ మంచిది. పొడి ఉప్పునీళ్లలో పూర్తిగా కరగక పోగుల్లో చిక్కుతుంది. బట్టలకు మెత్తదనం, సువాసన ఇచ్చే కండిషనర్ అసలు వాడొద్దు. అది పోగు చుట్టూ పొరకట్టి సందులను మూసేస్తుంది, ఆపై తువాలు నీటిని తీసుకోదు. బ్లీచింగ్ వద్దు, ఇస్త్రీ వద్దు, డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి వద్దు. నీడలో, దుమ్ము రాని చోట ఆరేసి, ఆరగానే మూతున్న డబ్బాలో పెట్టండి. చల్లని నీళ్లు, నిండు లోడు ఉంటే పోగులు ఊడటం తగ్గుతుంది. ఊడే ప్రతి పోగూ ప్లాస్టిక్కే, చివరికి చేరేది మన చెరువులకే. అందుకే తువాలును చూసుకుని వాడి, ఎక్కువ కాలం నిలుపుకోవాలి.

రోజూ తుడవక్కర్లేదు

అపార్టుమెంటు సెల్లార్లలో తెల్లవారుజామున కనిపించే దృశ్యం అందరికీ తెలిసిందే. ఒక బకెట్, ఒక గుడ్డ, వరసగా కార్లు. మొదటి కారు మీది ఇసుక బకెట్‌లోకి, బకెట్‌లోంచి రెండో కారు మీదికి. తప్పు ఆ పనివాడిది కాదు. నెలకు కారుకు ఇంత అని మాట్లాడుకుని, రోజూ తుడవాలని అడిగి, చేతికి ఏమీ ఇవ్వని మనది. గంటలోపు అన్ని కార్లూ ముగించాల్సినవాడికి గుడ్డ మార్చే తీరిక ఎక్కడిది? మార్చుకోవడానికి రెండో గుడ్డ ఎక్కడిది?

పొడి గుడ్డతో రోజూ దుమ్ము తుడిపించడం మానండి. కదలని దుమ్ము రంగుకు చేసే హాని తక్కువ, దాన్ని రుద్దడం వల్ల జరిగేదే ఎక్కువ. రోజుకోసారి కాకుండా వారానికి ఒకటి రెండుసార్లు నీళ్లతో చేయించండి. జీతం మాత్రం తగ్గించకండి. నీటి ఎద్దడి ఉన్నచోట రిన్స్‌లెస్ వాష్ అనే పద్ధతి ఉంది. బకెట్ నీళ్లలో అందుకోసం అమ్మే ద్రావణం కొద్దిగా కలిపి, నూగు ఎక్కువున్న ఆరేడు తువాళ్లు నానబెట్టాలి. ఒక్కో తువాలును మడిచి, ఒక్కో ముఖంతో ఒక్కసారే తుడిచి, మాసినదాన్ని తిరిగి బకెట్‌లో ముంచకుండా పక్కన వేయాలి. మళ్లీ పైపు పట్టే అవసరం లేకుండా, ఒక్క బకెట్‌తో కారు శుభ్రపడుతుంది. బురద గడ్డకట్టి ఉంటే మాత్రం ముందు నీళ్లతో వదిలించాల్సిందే.

అపార్టుమెంటు సంఘాలు తలచుకుంటే ఇది పెద్ద పని కాదు. ప్రతి ఇంటివాళ్లూ ఫ్లాటు నంబరు రాసిన డబ్బాలో నాలుగు తువాళ్లు పెట్టి సెల్లార్‌లో ఉంచాలి. వాటిని ఉతికే బాధ్యత ఇంటివాళ్లది, వాడే పద్ధతి పనివాడికి ఒకసారి కూర్చోబెట్టి చూపించే బాధ్యతా మనదే. వేలు పోసి పాలిష్, కోటింగ్ చేయించే ముందు, కారును రోజూ ముట్టుకునే మనిషి చేతికి శుభ్రమైన తువాళ్లు, వాటిని మార్చుకునే వ్యవధి ఇవ్వండి. ఈ రెండూ లేనిచోట ఏ కోటింగూ నిలవదు. ఈ రెండూ ఉంటే చాలా కార్లకు ఏళ్ల తరబడి పాలిష్ అవసరమే రాదు.